మెగస్తనీస్ రాసింది బడిపిల్లలకు నిజమని చెప్పాలెనా?

నకిరేకల్ సోషల్ సార్

మా హైస్కూల్ల సోషల్ రూమ్ గోడకు కొత్త చార్టులు రాయిస్తున్నం. మౌర్యుల పాఠం దగ్గరికి వచ్చేసరికి స్టాఫ్‌రూంల పట్టింపులు మొదలైనయి. పెయింటర్‌ను ఆపి ఇక్కడ అడుగుతున్న. తెలిసినోళ్లు నిక్కచ్చిగా చెప్పండి.

క్రీ.పూ. 302 ప్రాంతంల సెల్యూకస్ అనే గ్రీకు రాజు మెగస్తనీస్‌ను రాయబారిగా పాటలీపుత్రానికి, చంద్రగుప్త మౌర్యుని కొలువుకు పంపిండు. ఇక్కడి ఆచారాల మీద ఆయన ‘ఇండికా’ అనే పుస్తకం రాసిండు. అందుల నుంచి నేను చార్టు మీద నాలుగు మాటలు రాయించిన. ఇండియాల బానిసలు లేరు. కరువు ఎన్నడూ రాలేదు. జనం ఇండ్లకు కాపలా పెట్టుకోరు, దొంగతనాలు తక్కువ. జనం వ్యాజ్యాలకు పోయేది చాలా తక్కువ.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె చదివి అడిగింది: “బానిసలు లేకుంటే మా ముత్తాత గడీల వెట్టి ఎందుకు చేసిండు సార్?” అది రెండు వేల ఏండ్ల తర్వాతి సంగతి బిడ్డా అని పక్కనున్న మాస్టారు చెప్పిండు. ఆ పిల్ల ఒప్పుకోలేదు, “మరి మధ్యల ఎప్పుడు మొదలైంది?” అన్నది. నా దగ్గర సరైన జవాబు లేకుండె.

ఒక మాస్టారు అంటడు, బయటి మనిషి అంత గొప్పగా రాస్తే మన చేతులతో మనమే చెరుపుకుంటమా అని. ఇంకో మేడం మొత్తం తుడిపెయ్యమంటది. మెచ్చుకున్నడు కాబట్టి ఉంచాలె అనేది నాకు సమ్మతం కాదు. అట్లని తీసేస్తే, ఆ పట్నాన్ని కండ్లతో చూసి రాసిన మనిషినే పోగొట్టుకున్నట్టు అయితది. రాజు పెట్టిన అన్నం తిన్న అతిథి మాటను ఎంతవరకు సాక్ష్యంగ తీసుకోవాలె? అదీ నా ప్రశ్న.

వనపర్తి గ్రూప్స్ బ్యాచ్

ఉంచండి సార్. పాటలీపుత్రం చుట్టూ కలప గోడ ఉన్నదని, దానికి 570 బురుజులు, 64 ద్వారాలు, బయట కందకం అని ఆయన రాసిండు. రాజధానికి కలప గోడ ఏంది అని కొట్టిపారెయ్యొచ్చు. కానీ పాట్నాల బులందీబాగ్ దగ్గర తవ్వితే వరుసగ నిలబెట్టిన పెద్ద పెద్ద దుంగల గోడ బయటపడ్డది. చూసింది చూసినట్టు రాసిండనడానికి ఇంకేం కావాలె?

ఇంకో సంగతి. చంద్రగుప్తుడు ఎప్పటివాడో మనకు తెలిసిందే గ్రీకుల రాతల వల్ల. వాళ్లు సాండ్రోకోటస్ అన్న రాజు చంద్రగుప్తుడే అని 1793ల విలియం జోన్స్ గుర్తుపట్టినంకనే మన ప్రాచీన చరిత్రకు ఒక గట్టి తేదీ దొరికింది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఉన్నది కదా అంటే, అది ఇప్పుడున్న రూపంల చంద్రగుప్తుని కాలానిదే అని అందరూ ఒప్పుకోరు. మెగస్తనీస్‌ను పక్కన పెడితే ఆ కొలువు గురించి చూసి రాసినోళ్లు మనకు మిగలరు.

దేవరకొండ వకీల్

తమ్ముడూ, గోడ సంగతి నేను ఒప్పుకుంట. కానీ ముందుగాల ఒకటి తెలుసుకోవాలె. ఇండికా మన చేతుల లేదు, ఎన్నడో పోయింది. డయోడరస్, స్ట్రాబో, ప్లినీ, అరియన్ అనే గ్రీకు, రోమన్ రచయితలు రెండు మూడు వందల ఏండ్లు, కొందరైతే నాలుగు వందల ఏండ్లు దాటినంక తమ పుస్తకాలల్ల ఎత్తి రాసుకున్న ముక్కలే మనం చదివేది. కోర్టుల అయితే ఇది వినికిడి సాక్ష్యం. నోరు లేని మనుషులు, చెవులు కప్పుకొని పడుకునే మనుషులు, బంగారం తవ్వే చీమలు అని రాసినందుకు స్ట్రాబో ఆయనను అబద్ధాలకోరుల జాబితాలనే వేసిండు.

బానిసల మాట కూడా అట్లనే. స్ట్రాబో ఆ మాట ఎత్తి రాసి, వెంటనే ఇంకో గ్రీకువాని మాట పక్కన పెట్టిండు. అలెగ్జాండర్ నావను నడిపిన ఒనెసిక్రిటస్ ఏమన్నడంటే, బానిసలను పెట్టుకోని ఆ ఆచారం ఇండియా అంతటా లేదు, మూసికనస్ రాజ్యంల, అంటే ఇప్పటి సింధ్ దిక్కున మాత్రమే ఉన్నది అని. వాళ్లల్ల వాళ్లకే కుదరని మాటను మనం గోడకెక్కిస్తున్నం.

అయినా ఆయన అబద్ధమాడిండని నేను అనను. సాక్షిని మేం మొదలు అడిగేది, నువ్వు ఎక్కడ నిలబడి చూసినవు అని. దానికి మెగస్తనీసే జవాబు రాసి పెట్టిండు. పట్నాన్ని నడిపేటందుకు ఐదుగురేసి ఉన్న ఆరు కమిటీలు ఉండేవంటడు. అందుల రెండో కమిటీ పని విదేశీయులను చూసుకునుడు. వాళ్లకు బస ఇస్తరు, పనికి మనుషులను ఇస్తరు. ఆ మనుషుల ద్వారానే విదేశీయుడు ఏం చేస్తుండు, ఎట్లుంటుండు అని కనిపెడుతరు. జబ్బు చేస్తే చూసుకుంటరు, చనిపోతే పాతిపెట్టి ఆస్తిని చుట్టాలకు పంపుతరు. తిరిగి పోయేటప్పుడు తోవ పొడుగునా వెంట పోతరు.

ఇది చదివినంక మిగతావన్నీ నాకు వేరే తీరుగ కనబడ్డయి. ఆయనకు నీళ్లు తెచ్చిన మనిషే రాత్రి ఆయన సంగతులు పైకి చేరవేసెటోడు. చంద్రగుప్తుని దండు విడిదిల నాలుగు లక్షల మంది ఉన్నా ఏ రోజు కూడా రెండు వందల డ్రాక్మాలకు (గ్రీకు వెండి నాణేలు) మించి దొంగతనం జరిగినట్టు ఫిర్యాదు రాలేదని రాసిండు. ఆ లెక్క ఎవరిచ్చిండ్రు? ఆయన దండంతా తిరిగి అడిగింది కాదు గదా. అధికారులు చెప్పింది అయి ఉండాలె. గోడను ఎవరూ దాచలేరు, అది కండ్ల ముందు ఉంటది. దొంగతనాల లెక్క అట్ల కాదు.

మూసీ ఒడ్డు

వకీల్ సాబ్, మీ మాటల పద్ధతి మంచిగనే ఉన్నది. కానీ నా బాధ వేరే. 1835ల మెకాలే అనే ఇంగ్లీషు దొర, ఒక మంచి యూరప్ లైబ్రరీల ఒక్క అర పుస్తకాలకు మన దేశ సాహిత్యమంతా సాటిరాదన్నడు. ఆ మాటను మనం తరతరాలు మోసినం, మన పిల్లలకు ఎక్కించినం. అప్పుడెవరు క్రాస్ చేసిండ్రు? మెచ్చుకున్నోడు వస్తే మాత్రం వెయ్యి ప్రశ్నలు. ఆంధ్రులకు బురుజులున్న ముప్పై పట్నాలు, లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నయని గ్రీకు రాయబారి రాసిండు అంటే నల్లగొండ పిల్లకు ఛాతీ పొంగుతది. ఆ ముప్పైల మన ఫణిగిరి ఉండొచ్చు, సాగర్ నీళ్లల్ల మునిగిన ఏలేశ్వరం ఉండొచ్చు. ఆ పిల్లల దగ్గర అది కూడా గుంజుకుందామా?

జొన్నచేను

నేను కల్వకుర్తి దిక్కు మనిషిని. తిండి సంగతి చెప్త, ఎవరూ ఎత్తలేదు.

మెగస్తనీస్ భోజనాల మీద రాసిన ముక్కను ఎథీనియస్ అనే ఆయన భద్రం చేసిండు. భోజనానికి కూసున్నప్పుడు ఒక్కొక్కరి ముందట ముక్కాలిపీట లాంటిది పెడ్తరట. దాని మీద బంగారు గిన్నె. గిన్నెల ముందుగాల ఉడకబెట్టిన బియ్యం వేస్తరు, ఆ తర్వాత రకరకాల కూరలు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జల్లుమన్నది. ముందు అన్నం, దాని మీద కూర! ఇరవై మూడు వందల ఏండ్ల కింద కూడా ఇట్లనే వడ్డించిండ్రు. ఈ ముక్క కోసమన్నా ఆయనను తుడిపెయ్యొద్దు సార్.

కానీ బంగారు గిన్నె ఎవరింట్ల ఉంటది? మా అవ్వ కాలం దాకా మా ఇంట్ల వరి అన్నం పండుగకు, చుట్టాలొస్తే. మిగతా దినాలు జొన్న గట్కనే. తెల్లారకముందు ఇసుర్రాయి ముందట కూసోని జొన్నలు ఇసిరేది. జల్లెడ పట్టి, పిండి రొట్టెలకు, రవ్వ గట్కకు వేరు చేసేది. ఎసరు మసిలినంక రవ్వ పోసి తెడ్డుతోని కలుపుకుంటనే ఉండాలె, చెయ్యి ఆపితే ఉండలు కడతది. రాత్రి మిగిలింది మట్టి చిప్పల గడ్డకట్టి ఉంటే పొద్దుగాల మజ్జిగ పోసి పిసికి, ఉల్లిగడ్డ కొరుక్కుంట తాగి చేనుకు పోయేది. ఇండియా తిండి అని రాయబారి రాసిన దాంట్ల ఈ చిప్ప లేదు. ఆయన రాజు పంక్తిల కూసున్నడు, ఆ పంక్తిల ఉన్నది రాసిండు.

ఇగ కరువు ఎన్నడూ రాలేదు అనే మాట. దానికి ఆయన ఒక కారణం కూడా చెప్పిండు. ఏడాదికి రెండు కాలాల వానలు, రెండు పంటలు, ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తదని. గంగ ఒడ్డున కూసోని చూస్తే అట్లనే అనిపిస్తదేమో. మా దిక్కు ఒక్క వాన నమ్మకం లేదు. 1972 కరువుల మా నాయిన కరువు పనికి పోయి చెరువు మట్టి మోసిండు. అంతకుముందు, ఆ తర్వాత కూడా మా ఊర్లె ఎందరో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోని, పెండ్లాం పిల్లలతోని డ్యాం పనులకు పోయిండ్రు. అడ్వాన్సు తీరేదాకా తిరిగి రానియ్యకపోయేది. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చినా ఆ అడ్వాన్సు ఆగలేదు. పాలమూరు లేబర్ అని పేరు పడ్డ జిల్లాల ఏ బడి గోడ మీద కూడా కరువు ఎన్నడూ రాలేదనే మాట ఉండొద్దు.

వనపర్తి గ్రూప్స్ బ్యాచ్

అక్కా, మీ మాట కడుపుల తాకింది. కానీ ఆయన రాసింది గంగ దిక్కు మౌర్యుల గురించి. పాలమూరు కరువుతోని ఆయనను కొలుస్తే న్యాయమా? యుద్ధం జరుగుతున్నా పక్కనే రైతు నిమ్మళంగ దున్నుకునేటోడు, సైనికులు ముట్టకపోయేది అని కూడా రాసిండు. ఆ మంచి ఆచారం కూడా లేదందామా?

నకిరేకల్ సోషల్ సార్

గంగ దిక్కే చూద్దాం తమ్ముడూ. గోరఖ్‌పూర్ దగ్గర సోహ్‌గౌరాల ఒక రాగి రేకు దొరికింది. బంగ్లాదేశ్ మహాస్థాన్‌ల ఒక రాతి శాసనం దొరికింది. రెండూ బ్రాహ్మీ లిపిల ఉన్నయి, మౌర్యుల కాలానివే అని చాలామంది పండితులు అంటరు. రెండింట్లనూ ఉన్నది ధాన్యం గాదెల సంగతి, ఆపద వచ్చినప్పుడు జనానికి తీసి ఇచ్చేటందుకు. కరువు ఎరుగని దేశంల కరువు గాదెలు కట్టరు గదా. జైనుల సంప్రదాయంల అయితే చంద్రగుప్తుని కాలంలనే పన్నెండేండ్ల కరువు వచ్చిందని, ఆయన రాజ్యం వదిలి శ్రావణబెళగొళకు పోయిండని చెప్పుకుంటరు.

రైతును యుద్ధంల ముట్టుకోకపోయేది అనే మాటకు నా దగ్గర ఎదురు రుజువు లేదు. అది ఉండనిద్దాం.

నడిగడ్డ మనిషి

సార్, మీరందరు ఉత్తరంలనే తిరుగుతున్నరు. మాది గద్వాల. కృష్ణ, తుంగభద్రల నడుమ భూమి మాది. మా దగ్గరికి వచ్చిన రాయబారి ఇంకొకాయన ఉన్నడు. ఇప్పటి అఫ్గానిస్తాన్‌ల ఉన్న హెరాత్ నుంచి, తైమూరు కొడుకు షారుఖ్ పంపిన అబ్దుర్ రజాక్. 1443ల విజయనగరంల రెండో దేవరాయల కొలువుకు వచ్చిండు. ఆ పట్నం లాంటిది కన్ను చూడలేదు, చెవి వినలేదు అన్నడు. బజారుల పనోళ్లు కూడా చెవులకు, మెడకు, చేతులకు నగలు పెట్టుకుంటరన్నడు. తాంబూలం గురించి ఎంత మురిసి రాసిండో చెప్పలేను. మహానవమి పండుగను కూడా చూసి రాసిండు.

ఆయనకు రోజూ వచ్చే మర్యాద ఏందంటే, రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, ఐదు మణుగుల బియ్యం, ఒక మణుగు వెన్న, ఒక మణుగు చక్కెర, రెండు బంగారు వరహాలు. వకీల్ సాబ్ అన్నట్టు అన్నం పెట్టినోళ్లను మెచ్చుకోకుంటడా అనొచ్చు. కానీ ఆయన ఇంకోటి కూడా రాసిండు. హోర్ముజ్ వ్యాపారులు కొందరు, ఈయన అసలు రాయబారే కాదని రాజు చెవుల వేసిండ్రు. దాంతోని ఆ మర్యాదలు ఆగిపోయినయి. తనకు జరిగిన అవమానాన్ని దాచుకోకుండ రాసుకున్న మనిషి మాటకు నేను ఒక మెట్టు ఎక్కువ విలువ ఇస్త.

అయినా నాకు ఒక బాధ ఉన్నది. ఆయన ఉన్నప్పుడే బహమనీ సుల్తాన్‌కు, దేవరాయలకు యుద్ధం వచ్చింది. సుల్తాన్ ఏడు లక్షల వరహాలు అడిగిండు. విజయనగరం మంత్రి గుల్బర్గా దిక్కు దండెత్తి, దోచుకోని, మనుషులను బందీలుగ పట్టుకోని తిరిగొచ్చిండు. ఆ దండులు తొక్కేది రాయచూరు, నడిగడ్డ దిక్కు భూములనే. రత్నాలకు, ఏనుగులకు పేజీలు ఇచ్చిన మనిషి ఆ బందీలకు ఒక్క ముక్క ఇచ్చిండు. వాళ్లు ఎవరు, ఏ ఊరోళ్లు, తర్వాత ఏమైండ్రు అనేది లేదు. మా పెద్దలల్ల ఎవరన్నా ఆ గుంపుల ఉండొచ్చు. రాజుల గొప్ప చదివినప్పుడల్లా నాకు ఆ ఒక్క ముక్కనే గుర్తుకొస్తది.

మర్రిగూడ బిడ్డ

బయటోళ్లు వచ్చి చూసి రాసుడు అంటే ఏందో మా మండలానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెల్వదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినోళ్లను చూడనీకి ఎక్కడెక్కడి నుంచో వచ్చిండ్రు. విదేశాల నుంచి వచ్చిన ఒక బృందం మా వాడల దిగింది. మా మేనత్తను ఎండల నిలబెట్టి ఫొటోలు తీసుకున్నరు. ఆమె బత్తాయి తోటల ఎంత పని చేస్తదో, ఎన్ని పాటలు పాడుతదో అడిగినోళ్లు లేరు. నల్లగొండ అంటే వంకర కాళ్లు, అంతే రాసుకోని పోయిండ్రు. ఫ్లోరైడ్ తీసేటందుకు పటిక, సున్నం కలిపే పద్ధతిని నీరి (NEERI) అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేస్తే, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పడ్డది. అది టాంజానియా, కెన్యా దాకా పోయింది. అది మా ఇంట్ల పిల్లలకే తెల్వదు.

కానీ ఇంకో మాట కూడా చెప్పాలె. రోజూ జీపుల తిరిగే మన ఆఫీసర్లకు కండ్లబడని నొప్పి, ఆ బయటోళ్లు రాస్తేనే కాగితం మీదికి వచ్చింది. అలవాటైన కంటికి కొన్ని కనబడవు. అందుకే బయటి మనిషి రాతను పారెయ్యమంటే నేను ఒప్పుకోను. ఆయన రాసినదాని పక్కన, చూపించబడ్డోళ్ల మాట కూడా ఉండాలె. మెగస్తనీస్ కాలంల చూపించబడ్డోళ్లు ఏమన్నా చెప్పుకున్నరా? వాళ్ల మాట దొరుకుతదా సార్?

దేవరకొండ వకీల్

వాళ్లు చెప్పుకున్నది దొరకదమ్మా. కానీ రాజు స్వయంగ ఒప్పుకున్నది దొరుకుతది, అదీ మన పక్కనే. తుంగభద్ర దాటి కర్నూలు జిల్లాల ఎర్రగుడి ఉన్నది. చంద్రగుప్తుని మనవడు అశోకుడు చెక్కించిన పద్నాలుగు శాసనాలు ఆ గుట్ట మీద ఉన్నయి. వాటిల, దాసులతోని, పనోళ్లతోని మంచిగ మెలగండి అని మళ్లీ మళ్లీ చెప్తడు. దాసులు లేకుంటే ఎవరి గురించి చెప్పినట్టు? పదమూడో శాసనంల ఇంకా ఘోరం ఉన్నది. కళింగ యుద్ధంల లక్షా యాభై వేల మందిని అక్కడి నుంచి పట్టుకపోయినమని ఆయనే ఒప్పుకుంటడు.

మరి మెగస్తనీస్‌కు ఎందుకు కనబడలేదు? అరియన్ ఎత్తి రాసిన ముక్కల ఒక దారి ఉన్నది. గ్రీకు రాజ్యం స్పార్టా వాళ్లకు హెలాట్లు అనే బానిసలు ఉన్నరు, ఇండియా వాళ్లకు మాత్రం పరాయోళ్లు కూడా బానిసలు కారు అని పోల్చి రాస్తడు. అంటే తమ దేశంల బానిస ఎట్లుంటడో ఆ ఆకారం కోసమే ఇక్కడ వెతికిండ్రు. జీతానికి ఉన్నోడు, అప్పుకు కట్టుబడ్డోడు, ఇంట్లనే పుట్టి ఇంట్లనే చాకిరి చేసేటోడు వాళ్ల లెక్కల పడలేదు. నిజాం కాలంల గడీల విందు తిని పోయిన తెల్లదొరకు కూడా నీళ్ల బిందె మోసినోడు నౌకరు లెక్కనే కనబడి ఉంటడు. వానికి కూలి లేదని వానిని అడిగితేనే తెలిసేది, అడగాలంటే తెలుగు రావాలె. మెగస్తనీస్ అయితే ఇక్కడి భాషలు నేర్చుకున్నడో లేదో ఎవరూ చెప్పలేదు.

మూసీ తమ్ముడూ, ముప్పై పట్నాల మాట ప్లినీ పుస్తకంల ఉన్నది. ఆయనకు అది మెగస్తనీస్ నుంచే వచ్చి ఉంటదని పండితుల అంచనా. మెగస్తనీస్ కృష్ణా ఒడ్డుకు వచ్చినట్టు ఎక్కడా లేదు, పాటలీపుత్రంల విన్నది. ఫణిగిరిల బౌద్ధ స్తూపం, తోరణాలు మట్టిల నుంచి లేచి మన ముందట ఉన్నయి. వాటికి ఆ ముప్పై పట్నాల లెక్కల చోటు అడుక్కునే అవసరం లేదు.

మూసీ ఒడ్డు

ఫణిగిరికి అవసరం లేదు, నిజమే. కానీ పిల్లలకు పేరు కావాలె సాబ్. మనల్ని ఎవరో దూరం నుంచి గుర్తుపట్టిండ్రు అనే మాటకు ఒక బలం ఉంటది. విన్నది అయినా సరే, ఆ కాలంల పాటలీపుత్రం దాకా మన పేరు పోయింది అని రాయించండి. అందుల తప్పేమీ లేదు.

నకిరేకల్ సోషల్ సార్

అట్లనే రాయిస్త, అది నిజం కూడా. బానిసల మాటను చార్టు మీదనే ఉంచుత, దాని కిందనే ఎర్రగుడి శాసనం మాట. కరువు మాట కింద సోహ్‌గౌరా రేకు. కలప గోడ కింద బులందీబాగ్ దుంగల ఫొటో. రెండో కమిటీ సంగతి అన్నిటికంటే పైన, పెద్దక్షరాలల్ల. భోజనం ముక్క నేను చార్టుల పెట్టనే లేదు, అది పెడుత. పక్కన గట్క చిప్పను పిల్లలతోనే గీయిస్త.

నడిగడ్డ మనిషి

సార్, ఎర్రగుడికి గద్వాల నుంచి పొద్దుగాల పోతే రాత్రికి తిరిగి రావొచ్చు. మీ పిల్లలను తీసుకొస్తే మా దగ్గర రాత్రి బస, భోజనం నేను చూసుకుంట. ఆ రాయి మీద అక్షరాలను వాళ్లు దగ్గర నుంచి చూడాలె.

వనపర్తి గ్రూప్స్ బ్యాచ్

పరీక్షల ‘ఇండియాలో బానిసలు లేరని చెప్పింది ఎవరు’ అని అడిగితే జవాబు మెగస్తనీసే, అది మారదు. ‘మౌర్యుల కాలంలో బానిసలు లేరు, సరియా తప్పా’ అని అడిగితే తప్పు అని పెడ్త. ఈ రెండు ప్రశ్నలను ఒకటే అనుకోని చదివించే కోచింగ్ మెటీరియల్ మా రూంల కుప్పలు ఉన్నది, దాని మీద ఎవరన్నా రాయాలె. కానీ సార్, దొంగతనాల మాటను కూడా తీయకండి. వకీల్ సాబ్ అధికారులు చెప్పిన లెక్క అంటున్నడు. దానికి ఎదురు రుజువు ఇంకా ఎవరూ చూపలేదు.